నేరం ఎడమ చక్రానిది

బున్‌లెర్ట్ బాబాయ్ దృష్టిలో మనిషన్నవాడు ఇంతవరకు ఏ వస్తువునూ పగలగొట్టలేదు.

లంపాంగ్‌లో మేం కోడిపుంజు బొమ్మల పింగాణీ గిన్నెలకు రంగులద్దే కార్ఖానాలో ఆయన మేస్త్రీ. ఎవరు పగలగొడితే వాళ్ల జీతంలో కోత అన్నది యజమాని థావోర్న్ గారి నియమం. ఎక్కడైనా ఠప్పుమంటే చాలు, బాబాయ్ కళ్లజోడు తుడుచుకుని దర్యాప్తుకు దిగేవాడు. దోషి దొరకని రోజు లేదు. ఓసారి ఈదురుగాలి, ఓసారి పక్కింటి పిల్లి, ఎక్కువసార్లు బల్లి.

"బల్లి అంత గిన్నెను తోసిందా?" అని యజమాని అడిగేవారు.

"తోయలేదండీ. అది తొంగిచూసింది. గిన్నె జడుసుకుంది."

నా చేతిలోంచి కూజా జారినప్పుడు నిజం చెప్పబోయాను. "నువ్వూరుకో! నువ్వు సాక్షివి మాత్రమే!" అని బాబాయ్ కసిరాడు.

కొత్తగా చేరిన విలైవన్ ఒకరోజు తోపుడుబండి నెట్టుకొస్తుంటే అది పక్కకు ఒరిగిపోయింది. హోటలువాళ్లకు పంపాల్సిన అరవై గిన్నెలు ముక్కలయ్యాయి. "అయిపోయిందక్కా, నెల జీతమంతా పోయినట్టే" అంటూ ఆ పిల్ల నేలమీద కూలబడింది. యజమాని కేకలేస్తూ వచ్చేసరికి బాబాయ్ బండి కింద బోర్లా పడుకుని ఉన్నాడు.

"దొరికిందండీ దొంగ! ఎడమ చక్రం!"

"అయితే చక్రానికి జీతం కొయ్యమంటావా?"

"దానికి జీతమెక్కడిదండీ, నూనెకే దిక్కులేదు. మార్చమని మీకు మూడుసార్లు చెప్పాను."

"అంటే దోషిని నేనా?"

"ఎంతమాట! మీరూ సాక్షి మాత్రమే."

మేమంతా నవ్వాపుకోలేక కుంచెలు కొరికాం. యజమాని ముఖం కందగడ్డయింది. విసురుగా వంగి ఆ చక్రాన్ని పట్టుకుని ఊపారు. అది ఊడి ఆయన చేతికే వచ్చేసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టారు.

"లేమ్మా విలైవన్" అన్నారు చివరికి. "నీ జీతం నీకే. పొరపాటున పగిలినవి ఇకమీదట కార్ఖానా ఖర్చే."

వారం తిరక్కుండా నా చేతిలోంచి ఓ మూత జారి పగిలింది. ఈసారి ఏ జంతువు ఇరుక్కుంటుందోనని ఉబలాటంగా చూశాను. బాబాయ్ వచ్చాడు. కళ్లజోడు జేబులోంచి తీయనేలేదు.

"నువ్వేగా?"

"నేనే బాబాయ్. మరి దర్యాప్తు?"

"జీతాల కోత పోయిందిగా, ఇంకెందుకే! వేలు తెగిందేమో, ఏదీ, చూపించు."