నీటిపురుగులకు చలిపెట్టిందని

బోధన్‌ల నేను అద్దెకున్న ఇంటి అవ్వ బీడీలు చుట్టుకుంటనే ఎదురుపడ్డ ప్రతి జీవిని "సలిపెడ్తుందా బిడ్డా?" అని అడిగేది. మనుషులను అడిగేది, మేకలను అడిగేది. ఆఖరికి పరిశోధన కోసం నేను చెరువు నుంచి తెచ్చిన నీటిపురుగులను కూడా అడిగింది. అవి ఆవగింజల సగం కూడా ఉండవు.

ఒక తొట్టిని బల్బు కింద వెచ్చగ, ఇంకోదాన్ని చుట్టూ ఐసు పెట్టి చల్లగ ఉంచిన. మూడు వారాలైనంక ఒక పొద్దున చూస్తే చల్లటి తొట్టిల నుంచి ఆవిర్లు లేస్తున్నయ్. పురుగులన్నీ చచ్చి అడుక్కు చేరినయ్.

"పాపం, వణుకుతున్నయని జర వేడినీళ్లు పోసిన" అన్నది అవ్వ.

నేను కూలబడి ఏడ్చిన. ఏడ్సుకుంటనే చెప్పిన: "చల్లటి నీళ్లల్ల వాటి కొవ్వు గడ్డకట్టకుండ మారుతదవ్వా. అది చూద్దామనే నా తిప్పలు."

అవ్వ లోపలికి పోయి రెండు సీసాలు తెచ్చింది. ఆ చలికాలం పొద్దుకు కొబ్బరినూనె గడ్డకట్టింది, పల్లినూనె మాత్రం పారుతున్నది.

"అంటే సలిల ఉంటే పురుగు పల్లినూనె లెక్కయితదా?"

"గంతే అవ్వా."

మళ్ల మొదలువెట్టినం. ఈసారి ఐసు అవ్వనే తెచ్చేది. కొన్ని రోజులకు నాతోని ఈ పరిశోధన చేపిస్తున్న మా సార్ చూడనీకి వచ్చి, చల్లటి తొట్టిల వేలు పెట్టబోయిండు. అవ్వ ఆయన చెయ్యి మీద ఒక్కటేసింది.

"తియ్యి సారూ! నీ వేడికి కొవ్వు మారుతది!"

సార్ చెయ్యి రుద్దుకున్నడు. నా దిక్కు చూడకుండ, పీట లాక్కొని అవ్వ ముందల కూసున్నడు.

"ఎట్ల మారుతదో జర చెప్పవ్వా" అన్నడు.