ఫిరంగి మోతకు మాంసం ముక్క

అల్ వుకైర్ ఊరవతల, నాకు వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్ తోటలో ఒక సలూకి జాతి ఆడకుక్క ఉంది. సన్నని నడుము, పొడుగు కాళ్లు గల వేటకుక్క. తుపాకీ పేలినా అది బెదరదనీ, దాని పుట్టుభయాన్ని నేనే పోగొట్టాననీ మావాళ్లంతా చెప్పుకుంటారు. అందులో సగమే నిజం. దానికి పుట్టుకతో ఏ భయమూ లేదు. పెట్టింది నేనే.

అది కూనగా వచ్చిన కొత్తలో చప్పుళ్లు అలవాటు చేయమని కఫీల్ నాకు అప్పగించాడు. దూరం నుంచి మెల్లగా మొదలుపెట్టమని మరీ మరీ చెప్పాడు. నాకు ఓపిక లేకపోయింది. ఎలాగూ తుపాకీ వినాల్సిందే కదా అనుకుని, అది గిన్నెలో మూతి పెట్టి తింటుండగా పక్కనున్న ఖాళీ డీజిల్ డ్రమ్మును ఇనుప రాడ్‌తో బలంగా కొట్టాను. అది గిన్నె తన్నేసి నీళ్ల ట్యాంకర్ కిందికి దూరింది. సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ తర్వాత తలుపు చప్పుడైనా వణికేది. కఫీల్ అడిగితే, పుట్టుకతోనే పిరికిదన్నాను. రంజాన్ పండుగయ్యాక తుపాకీ పేల్చి చూస్తానని, అప్పటికీ బెదిరితే ఎవరికైనా ఇచ్చేస్తానని ఆయన అన్నాడు.

ఉపవాసాల నెల మొదలైంది. అల్ వక్రా సముద్రపు ఒడ్డున రోజూ పొద్దుగూకగానే ఇఫ్తార్ ఫిరంగి పేలుస్తారు. జనం ఖర్జూరం చేతిలో పట్టుకుని ఆ మోత కోసమే చూస్తుంటారు. వాళ్లకు అది తిండి వేళ. కుక్కకు మాత్రం ఎందుకు కాకూడదు?

పికప్‌లో ఎక్కించుకుని వెళ్లి, దిండు మీద గుద్దినట్టు వినపడేంత దూరంలో ఆపాను. మోత రాగానే మాంసం ముక్క పెట్టాను. చెవులు నిక్కించింది, కాసేపటికి తిన్నది. మరునాడూ అక్కడే ఆగాం. అది తోక ఊపాకే కొంచెం ముందుకు జరిగేవాణ్ని. ఒకరోజు తొందరపడి బాగా దగ్గరికి వెళితే సీటు కిందికి దూరింది. మళ్లీ వెనక్కి వెళ్లాం.

జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మా వంటమనిషి డబ్బాలో ముక్కలు పెడుతూ ఆటపట్టించేవాడు.

"ఏందన్నా, నీ కుక్క ఒక్కపొద్దుంటున్నదా?"

"దానితోని నేను గూడ ఉంటున్న తమ్మీ. ఇంకో రెండు ముక్కలెయ్యి."

"దానికా, నీకా?"

నెలాఖరుకు ఒడ్డు మీది పార్కింగ్ దాకా వచ్చాం. అక్కడి మోతకు పిల్లలు చెవులు మూసుకునేవారు. ఇది నా జేబు వైపు చూసేది.

పండుగ తర్వాత కఫీల్ తోట వెనక తుపాకీని గాల్లోకి పేల్చాడు. కుక్క పరుగెత్తుకుంటూ వచ్చి నా ముందు కూర్చుని నోరు తెరిచింది. ఆయన పగలబడి నవ్వాడు.

"డర్ మాఫీ! యే షికారీ హై యా రోజేదార్?"

భయం లేదు సరే, ఇది వేటకుక్కా, ఉపవాసమున్నదా అని. ఇక ఇది ఇక్కడే ఉంటుందన్నాడు. పుట్టుభయం పోగొట్టావని నా భుజం తట్టాడు. నేను జేబులోంచి ముక్క తీసి దాని నోట్లో పెట్టాను.

ఇప్పటికీ అది వేటకు పోయి వస్తూనే ఉంది. సాయంత్రాలు దాన్ని తిప్పుతుంటే నాకు హాయిగా ఉంటుంది. తుపాకీకి చెవి కూడా కదపదు. కానీ గేటు దగ్గరున్న ఆ పాత డీజిల్ డ్రమ్ములో ఇప్పుడు వేపమొక్క పెంచుతున్నా, దాని పక్క నుంచి మాత్రం రాదు. ఖర్జూర చెట్ల వెనక నుంచి చుట్టు తిరిగి వస్తుంది. నేను తాడు లాగను. దాని వెంట నేనూ చుట్టు తిరిగే వస్తాను.