ఆరు ఒకట్లూ ఏడో ఎక్కమూ

ఎనభైల్లో మా మనవరాలు యానాం బడిలో ఏడో తరగతి చదువుతూ అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కలు తప్పింది. "పెద్ద పరీక్షల్లోనూ తప్పావంటే బడి మాన్పించి నాతో పాటు ఎండుచేపలు అమ్మడానికి తీసుకుపోతా" అన్నాను. ఒకే తరగతికి రెండేళ్ళు పుస్తకాలు కొనే ఇల్లు కాదు మాది. అన్న మాట వెనక్కి తీసుకోవడం నా ఒంట్లో లేదు. పిల్లకీ ఆ సంగతి తెలుసు.

పెద్ద పరీక్షల్లో లెక్కలు రాసిన రోజు మొహం వేలాడేసుకుని వచ్చింది. మా ఊరు దరియాలతిప్పలో ఇంటి ముందు నేను చేపలు తిరగేస్తున్నాను.

"ఏమైందే?"

"ఆరు ఒకట్లు పక్కపక్కన పెడితే ఆ సంఖ్య ఏడుతో శేషం లేకుండా తెగుతుందా అని అడిగారు మామ్మా. తెగుతుందని రాశాను. మిగతావాళ్ళంతా తెగదని రాశారంట. అది పోతే నేను పాసవను."

దడి అవతల పక్కింటి కోడలు విననే విన్నది. వాళ్ళమ్మాయీ అదే తరగతి. "మాదీ తెగదనే రాసింది అత్తా. పదకొండు తెగదు, నూటపదకొండు తెగదు. ఇంకో మూడు ఒకట్లు తగిలిస్తే తెగుద్దా? మనవరాలికీ ఓ గంప చూసుకో!"

"నీ పొయ్యి మీద కూర మాడుతుంది, చూసుకో" అన్నాను గానీ, ఆ మాట నాకూ నిజమనే అనిపించింది.

"ఏడూ పదకొండూ పదమూడూ గుణిస్తే వెయ్యిన్నొకటి మామ్మా. దాన్ని నూటపదకొండుతో..." అంటూ పిల్ల ఏదో చెప్పబోయింది. నా బుర్రకెక్కలేదు. నేను చదివింది మూడో తరగతి. భాగహారం మటుకు వచ్చు. కాగితం దండగని, పొయ్యిలో బొగ్గు తెచ్చి గుమ్మం ముందు గచ్చు మీద ఆరు ఒకట్లు గీశాను.

ఎక్కం మధ్యలో అందుకోవడం నాకు రాదు. మా చిన్నప్పుడు రాగం తీసి నేర్పారు, మొదట్నుంచీ పాడితేనే వస్తుంది. పదకొండులో ఏడు పోతే నాలుగు. పక్క ఒకటి దించితే నలభై ఒకటి. ఏడొకట్ల ఏడు అని మళ్ళీ అందుకున్నాను.

"ఐదు సార్లు మామ్మా!"

"నోర్ముయ్. పాట తప్పుద్ది."

ఆరు మిగిలింది. ఇంకో ఒకటి దించి మళ్ళీ పాడితే ఐదు మిగిలింది. ఆ తర్వాత రెండు. ఎంత పాడినా ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. పక్కింటి కోడలు దడి మీదికి ఇంకాస్త వంగింది. ఆఖరి ఒకటి దించాను. ఇరవై ఒకటి.

ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళ పద్నాలుగు, ఏడు మూళ్ళ ఇరవై ఒకటి.

కింద సున్నా పిల్లే చుట్టింది.

"ఎక్కడో తప్పావత్తా, మళ్ళీ చెయ్యి."

"నీకు తీరుబడైతే నువ్వే పాడుకో."

అమ్మయ్య అనుకుని గుమ్మానికి చేరగిలబడ్డాను. పిల్లని బడి మాన్పించాలని నాకు మాత్రం ఉందా? అనేశాను గనక చేసి తీరాలి, అదే నా బాధ. పిల్ల మెల్లిగా పక్కన చేరింది.

"అయితే ఎనిమిదో తరగతికి పోవచ్చా మామ్మా?"

"పోక? నిన్నెవరు వద్దన్నారే?"