పిట్టలు వచ్చిన దిక్కు

ఇవాళ పొద్దున్నే దువ్వాడలో మా ఇంటి కిటికీ తెరిచేసరికి మంచూ, వీధిలో ఆగిన లారీ డీజిలు వాసనా కలిసి గదిలోకి వచ్చాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా గబుక్కున కిటికీ మూసేశాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు మంచంటే భయం.

మాది విశాఖ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట. చలికాలమంతా ఇసుకలో ఎండే చేపల ఘాటు, చద్దన్నంలోకి పచ్చిమిరపకాయ, గుడిసె ముందు చలిమంట, ఆ మంట దగ్గర చుట్ట కాలుస్తూ మా తాత చెప్పే సముద్రం కబుర్లు. "తెల్లారి పిట్ట ఏ దిక్కునుంచొత్తే ఆ దిక్కే ఒడ్డు. మంచుకి మన కళ్ళు పోతాయి గాని దానికి పోవు" అనేవాడు. రాత్రి ఒడ్డున పడుకున్న పిట్టలు తెల్లవారగానే మేతకు సముద్రం మీదికి వస్తాయి కదా, అదీ ఆయన లెక్క. ఆ లెక్కతోనే మంచులో ఎన్నోసార్లు ఇల్లు చేరాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆడపిల్లని తెప్పెక్కిస్తావా అని అమ్మ నెత్తీ నోరూ బాదుకుంటున్నా వినకుండా, నాన్న నన్ను సముద్రం మీదికి తీసుకెళ్ళాడు. తెల్లారి వల లాగుతుండగానే మంచు కమ్మేసింది. కొండ లేదు, ఒడ్డు లేదు, తెప్ప కొసన నాన్నే సగం కనబడుతున్నాడు. అంతలో తలమీంచి పిట్టలు.

"అయ్యా, ఒడ్డు అటే!" అని నేనే అరిచాను.

నాన్న అవి వచ్చిన దిక్కుకే తెడ్డు వేశాడు. ఎంతసేపు వేసినా ఒడ్డు రాదు, పిట్టలు మాత్రం ఎక్కువవుతున్నాయి. ఉన్నట్టుండి ఇంజను చప్పుడు, డీజిలు వాసన, ఎదురుగా గోడలాంటి మరబోటు. "గట్టిగా పట్టుకోయే గుంటా!" బోటు పక్కనుంచే దూసుకుపోయింది, తెప్ప తలకిందులయ్యేంతగా ఊగింది. నా గౌను తడిసిపోయింది, సముద్రం నీళ్ళతో కాదు.

"ఓలమ్మో, ఏటాడి తిరిగొత్తన్న బోటిది. దాని సేపలకి మూగిన పిట్టలే ఇవి. మనం లోపలికెళ్ళిపోతన్నాం!" అని అరిచాడు నాన్న. తెప్ప తిప్పి, హార్బరుకు పోయే ఆ ఇంజను మోత పట్టుకుని ఎలాగో ఒడ్డు చేరాం.

"తాతకి సెప్పకు. ముసిలోడు ఇదైపోతాడు" అన్నాడు నాన్న, దిగగానే.

తాత అడగనే అడిగాడు. "ఏటే, పిట్టలేనా దారి సూపినాయి?"

"అవును తాతా."

"సూసినావా మరి!" అని ఎంత మురిసిపోయాడో.

వారం తిరక్కుండా మళ్ళీ మంచు పట్టింది. తాత ఒక్కడే వెళ్ళాడు. మూడోరోజుకు తెప్ప దొరికింది, తాత దొరకలేదు.

ఇప్పుడు పేటలో చెక్క తెప్పలు లేవు, చలిమంటలూ లేవు. కుర్రాళ్ళు ఫోనులో దారి చూసుకుని తిరిగొస్తున్నారు, పిట్టలకేసి తలెత్తి చూసేవాడే లేడు. నాన్న పోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తాతకి అబద్ధం చెప్పానని ఇవాళే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.