అడ్డపొగ కాల్చిన అంగిలి

ఆ శనివారం గుడిలో తీర్థం నోట్లో పోసుకోగానే అంగిలి భగ్గుమంది. పచ్చకర్పూరం ఎక్కువ పడిందేమోనని పక్కనున్నావిడను అడిగాను. "రోజూలాగే ఉన్నాది" అందావిడ. ఇంటికొచ్చి నాలుకతో తడిమితే అంగిలికి కుడిపక్కన గరుకుగా, చిన్న గుంటలా తగిలింది. అప్పటికి మంట పోయింది. నొప్పి లేదు కదా అని అమ్మవారికి దండం పెట్టుకుని వంట పనిలో పడ్డాను.

మాది చీపురుపల్లి దగ్గర ఊరు. వరి, నువ్వులు పండిస్తాం. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, పద్యాలు నేర్పారు. పొద్దున్నే దీపం పెట్టి నాలుగు పద్యాలు పైకి చదివితే గాని నాకు రోజు మొదలవదు.

మా ప్రాంతం కాని వారికి ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళలో చాలామంది అడ్డపొగ కాలుస్తారు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుంటారు. వరినాట్లప్పుడు వాన పడినా చుట్ట ఆరదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నా మొదటి కాన్పు తరవాత దవడ పన్ను సలుపుతుంటే మా అత్తే వెలిగించి ఇచ్చింది. "నిప్పు లోపలికెట్టుకోయే. నొప్పి సచ్చిపోతాది" అంది. నిజంగానే నొప్పి తెలియలేదు. పాతికేళ్ళకు పైగా దాన్ని ఉపకారమే అనుకున్నాను. నోరు మొద్దుబారడం వేరు, జబ్బు తగ్గడం వేరు అని నాకు తెలియదు. లోపల చిగుళ్ళు కరిగిపోతూనే ఉన్నాయి.

తీర్థం మండిన నెలకి, పప్పన్నం నములుతుంటే పైపన్ను ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. శ్రీకాకుళంలో కాపురముంటున్న మా అమ్మాయి కుమారి ఆ వేళకి ఇంట్లోనే ఉంది. పన్ను చూసి, "అమా, నీకు బుర్రున్నాదా? నడు" అని అప్పటికప్పుడు ఆటో పిలిచింది.

విజయనగరంలో పళ్ళ డాక్టరమ్మ చాలా చిన్నపిల్ల. పళ్ళు చూడబోయి అంగిలి దగ్గర ఆగిపోయింది. లైటు కిందికి లాగింది.

"అడ్డపొగ కాలుస్తారా అమ్మా?"

"మీకెలా తెలిసినాది?"

ఆవిడ కంప్యూటర్లో ఒక ఫోటో చూపించింది. తెల్లటి పొర, దాని మీద ఎర్రటి చుక్కలు, మధ్యలో పుండు. నా నోరే అనుకున్నాను.

"మీది కాదు, మేం చదువుకున్న పుస్తకంలోది. మన వైపు ఆడవాళ్ళ నోళ్ళు చూసి ఈ అలవాటు మీద ఎన్నో ఏళ్ళుగా రీసెర్చ్ చేస్తున్నారమ్మా. వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. చిగుళ్ళు, పళ్ళ కింద ఎముక కూడా దెబ్బతింటాయి."

మా నోళ్ళ గురించి పుస్తకాల్లో ఉంది. ఆ నోళ్ళున్న మాకే తెలియదు. ఆ రోజు బస్సులో వస్తూ దారంతా అదే తలుచుకున్నాను.

ఎక్స్‌రే తీశారు. పెరియోడాంటైటిస్, అంటే చిగుళ్ళూ ఎముకా తినేసే జబ్బు అన్నారు. కదులుతున్న పళ్ళు ఇంకో రెండు తీశారు. అంగిలి మీద చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "మైల్డ్ డిస్‌ప్లేసియా. ఇది ఇంకా క్యాన్సర్ కాదమ్మా. కణాలు దారి తప్పుతున్నాయి. ఇక్కడితో ఆపితే తగ్గే అవకాశం ఉంది. నిప్పు నోట్లో పెట్టుకోవద్దు. మూడు నెలలకి రండి."

తరవాత నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ఒక వారం మానేశాను. పొయ్యి మీద అన్నం మాడబెట్టాను. ముసలావిడ అని కూడా చూడకుండా అత్తను కసిరాను. ఎనిమిదో రోజు చుట్ట తిరగేసి, నిప్పు బయటికి పెట్టి, మగవాళ్ళలాగా కాల్చాను. డాక్టరమ్మ వద్దన్నది నిప్పునే కదా అనుకున్నాను.

అత్త చూసి, "ఏటే, అచ్చం మీ మావలాగ కాల్సతన్నావు. మీసాలొక్కటే తక్కువ" అంది.

నేనూ నవ్వాను. దీపం ముందు నిలబడి, "దారి చూపించావు తల్లీ" అని కూడా అన్నాను. నా కోరికను ఆ తల్లి మీదికి నెట్టాను. మూడు నెలలూ అలాగే కాల్చాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నా నోరు చాలాసేపు చూసింది.

"మానేశారా?"

"నిప్పు లోపలికెట్టనేదమ్మా. బయటికెట్టే కాల్సినాను."

ఆవిడ గ్లోవ్స్ తీసేసి స్టూలు మీద కూర్చుంది. "తప్పు నాదేనమ్మా. అసలు చుట్టే ముట్టుకోవద్దని చెప్పాల్సింది" అంది. ఆవిడ తప్పు ఏమీ లేదు. నాకు మొదటిరోజే అర్థమైంది. అర్థం కానట్టు ఉండడం నాకు అవసరమైంది.

రెండో బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. ఆ మూడు నెలలు మానేసి ఉంటే వచ్చేది కాదా అని అడిగాను. "చెప్పలేం" అన్నారు. ఆ ఒక్క మాట ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

విశాఖపట్నంలో సర్జన్ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కుడివైపు అంగిలి, పై దవడ ఎముక కొంత తీసేయాలి. నోటికీ ముక్కుకీ మధ్య కన్నం మిగులుతుంది. దాన్ని మూయడానికి ఆబ్చురేటర్ అని ఒక ప్లేటు ఇస్తారు.

"మాట వస్తాదా బాబూ?"

"ప్లేటు పెట్టుకుంటే వస్తుంది. అలవాటు కావాలి."

పద్యం వస్తాదా అని అడగాలనుకున్నాను. అడగలేకపోయాను.

ఆపరేషన్ తరవాతి రోజులు నాకు వరసగా గుర్తు లేవు. గంజి తాగితే ముక్కులోంచి వచ్చేది. 'ప' అంటే 'మ' అని వినిపించేది. నా మాట అర్థం కాక కుమారి ఏడిచేది. ఒకరోజు నోట్‌బుక్కులో "నన్ను ఇంటికి తీసుకుపో, అక్కడే పోతాను" అని రాసి ఇచ్చాను. అది చదివి చింపేసింది.

"మల్లీ ఇలాటియి రాస్తే పెన్ను పట్టికెల్లిపోతాను. సైగలు సేసుకో అప్పుడు" అంది.

పక్క మంచం మీద శ్రీకాకుళం వైపు ఆవిడ ఉండేది. ఆవిడదీ నా జబ్బే. తల ఎడమకి వంచి, చెంచాతో కొద్దికొద్దిగా మింగడం ఆవిడే నేర్పింది. "తొందరేటి, నీకేటి బస్సున్నాదా?" అనేది. ఆ చెంచా అన్నం వల్లే బతికాను. నేను ఇంటికొచ్చిన కొద్ది రోజులకే ఆవిడ పోయిందని కబురు తెలిసింది. రోజూ ఆవిడ పేరున ఒక నమస్కారం చేసుకుంటాను.

రేడియేషన్ తో నోరంతా పుళ్ళు పడ్డాయి. లాలాజలం ఎండిపోయింది. తడి లేని నోట్లో పళ్ళు తొందరగా పుచ్చిపోతాయట. మిగిలిన పళ్ళకి రోజూ ఫ్లోరైడ్ జెల్ పెట్టుకుంటున్నాను.

ఇప్పటికి ఏడాది దాటింది. రెండో రిపోర్టు వచ్చిన రోజు నుంచి చుట్ట ముట్టలేదు. తిన్న ప్రతిసారీ ప్లేటు తీసి, మెత్తటి బ్రష్ తో కడిగి పెట్టుకుంటాను. దీపం ముందు పద్యం సగమే పలుకుతుంది. మిగతా సగం మనసులో అనుకుంటాను. పోయిన వారం చెకప్ లో ఎడమవైపు మళ్ళీ తెల్లటి మచ్చ కనిపించింది. ముక్క తీసి పంపారు. రిపోర్టు ఇంకా రాలేదు. ధైర్యంగా ఉన్నానని రాస్తే అబద్ధం అవుతుంది. నన్ను చూసిన డాక్టర్లకి, కుమారికి, ఇంతవరకూ ఉంచిన తల్లికి రుణపడి ఉన్నాను. ఇంకొంతకాలం ఉంచమనే అడుగుతున్నాను.

ఎవరి అంగిలి వారికి కనిపించదు. నేను రోజూ అద్దంలో చూసి బొట్టు పెట్టుకున్నాను, ఒక్కరోజూ నోరు తెరిచి చూసుకోలేదు. మీరు చుట్ట కాల్చినా, పొగాకు నమిలినా, ఒకప్పుడు కాల్చి మానేసినా, నెలకోసారి పగటి వెలుగులో తల వెనక్కి వాల్చి, ఇంట్లో ఒకరి చేత సెల్‌ఫోన్ లైటు వేసి చూపించుకోండి. తెల్ల మచ్చ గాని, ఎర్ర మచ్చ గాని, పుండు గాని రెండు వారాలైనా పోకపోతే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నొప్పి వచ్చాక వెళదామనుకోకండి. నాకు నొప్పి తెలియకముందే, కోయడం తప్ప వేరే దారి మిగల్లేదు.