నాయన సమాధికి రాయి కోసం: మహానంది నుంచి ఆళ్లగడ్డ దాకా

మా నాయన బస్సు డ్రైవరు. నంద్యాల చుట్టుపక్కల దారులన్నీ ఆయనకు కొట్టిన పిండి. ఆయన పోయి ఏడాది కావస్తోంది, ఈస్టర్ లోగా సమాధికి మంచి రాయి వేయించాలని నా పట్టుదల. కమాను, దానికి రెండు పక్కలా స్తంభాలు ఉన్న నమూనాలు ఫోన్లో ఎన్ని చూపినా అమ్మ తల అడ్డంగా ఊపేది. ఏం కావాలో మాత్రం చెప్పదు. విసుగొచ్చి, "ఆళ్లగడ్డలో శిల్పుల దగ్గరికే పోదాం. దారిలో రాజులు కట్టినవన్నీ చూడు. ఏది నచ్చితే అలాంటిదే చెక్కిద్దాం" అన్నాను. వెళ్లిన రోజే ఆర్డరు ఇవ్వకపోతే ఈస్టర్‌కి రాయి అందదు.

నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిని ఏడింటికి బయలుదేరాం. కారు రోజంతటికీ మూడున్నర వేలకు కుదిరింది. డ్రైవరు పేరు బాషా. ఎవరి ఇంటివాళ్లమో తెలియగానే ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. "మీ నాయన బస్సులోనే బడికి పోయినానక్కా. ముసలోళ్లు నిలబడుకోనుంటే బండి తీసేటోడు కాదు. మమ్మల్నే లేపుతాండె" అన్నాడు. అమ్మ కిటికీ అద్దం దించి బయటికి చూసింది.

మహానంది అరగంట దారి. గర్భగుడి మీది విమానం చాళుక్యుల పద్ధతిలో ఉంటుంది, గోపురం విజయనగర కాలపుదని చెప్తారు. ఒకే ప్రాకారంలో రెండు రాజ్యాల పని చూడొచ్చు. మాది చర్చి కుటుంబం కాబట్టి బాషా మొహమాటంగా అడిగాడు. "లోపలికి వస్తావామ్మా, ఈడనే కూచుంటావా?"

"వస్తాండాలేప్పా. మొక్కేదానికి కాదు, రాళ్లు సూసేదానికి."

లోపల నేను స్తంభాల మీది లతలు చూపిస్తుంటే ఆమె మండపం అరుగు మీద కూర్చుని దాని అంచును అరచేత్తో తడుముతోంది. అక్కడి రాయి ఎంతమంది కూర్చున్నారో గానీ నున్నగా మెరుస్తోంది. మోకాళ్లు నొప్పులేమో అనుకున్నాను.

మళ్లీ నంద్యాల మీదుగా బనగానపల్లె చేరేసరికి పదిన్నర దాటింది. ఊరి బయట నవాబుల బంగళా సినిమావాళ్ల పుణ్యమా అని అందరికీ తెలిసిందే. వరుస కమాన్లు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా ఫోన్లో ఉన్నది దాదాపు ఇదే! "ఎట్లుందిమా?" అన్నాను ఆశగా.

"బాగనే ఉంది. మీ నాయనకు ఇదెందుకు?" అని మెట్టు మీద కూర్చుంది.

యాగంటిలోనూ అదే వరస. విజయనగర రాజుల నాటి గుడి, ఎర్రటి కొండ, కోనేరు అన్నీ చూసింది. చివరికి ఒక అరుగు వెతుక్కుంది. నాకు ఒళ్లు మండింది. కోవెలకుంట్లలో జొన్నరొట్టె తినేటప్పుడు కూడా ముఖం ముడుచుకునే ఉన్నాను.

నాలుగింటికి ఆళ్లగడ్డ చేరాం. రోడ్డు పక్కనే కార్ఖానాలు, గ్రైండర్ల మోత, సగం చెక్కిన దేవుళ్లు. ఒక శిల్పి మాస్కు కిందికి లాగి, "కమాను గావాల్నా, స్తంభాలు గావాల్నా? ఫోన్లో ఏదుంటే అది చేసిస్తాం" అన్నాడు. నేను ఫోను తీసేలోపే అమ్మ మాట అందుకుంది.

"కమానూ వద్దు, స్తంభాలూ వద్దు. పేరు రాసిన పలక ఒకటి చాలు. దాని పక్కన ఒక అరుగు చెయ్యప్పా, నలుగురు కూచునేంత."

"సమాధుల కాడ ఎవురు కూచుంటారమ్మా? నేను యాడా చెయ్యలే."

"ఈస్టరు నాడు తెల్లారకముందే సమాధుల కాడికి పోతాం. పాటలు, బైబిలు వాక్యం అయ్యేదాంక ముసలోళ్లందరూ నిలబడుకోనే ఉండాల. మా ఆయన ముందర ముసలోళ్లు నిలబడుకుంటే ఎట్లా?"

శిల్పి కొలత టేపు అందుకున్నాడు. "సరేమ్మా. అంచులు గుండ్రంగా కొడతా. లేకుంటే కాళ్లకు ఒత్తుకుంటాది."

నాకు ఏడుపొచ్చింది. రాతి దుమ్ము కళ్లలో పడిందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

చాళుక్యులు, విజయనగర రాజులు, నవాబులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి గోపురాలూ కమాన్లూ లేపి పోయారు. వాటిని మనం తలెత్తి చూస్తాం, ఫొటో తీసుకుంటాం. కాలు నొప్పి పుట్టగానే వెతుక్కునేది మాత్రం అరుగునే. పొద్దుటి నుంచి అమ్మ చూస్తున్నది దాన్నే. ఈస్టర్‌కి రెండు రోజుల ముందు రాయి వచ్చింది. పండగ తెల్లవారుజామున సమాధుల తోటలో పాస్టరుగారు పుస్తకం తెరిచారు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్క నిమిషం అయ్యగారూ, వాళ్లను కూచోనీండి." నలుగురు ముసలమ్మలు సర్దుకుని కూర్చునేదాకా ప్రార్థన మొదలు కాలేదు. అమ్మ నిలబడే ఉంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఎండ ముదిరితే రాతి అరుగులు కాలుతాయి, వెంట మందపాటి తువాలు ఉంచుకోండి. పెద్దవాళ్లు కూర్చున్నాకే మీరు ఫొటోలకు కదలండి.