నాయన మీద అనుమానం

నా చిన్నప్పుడు మా నాయనను నాలుగు రోజుల పాటు శత్రువును చూసినట్టు చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది మైపాడు. నాయన తెల్లారకముందే పడవ మీద సముద్రంలోకి పోయి పొద్దెక్కాక తిరిగొచ్చేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి కొత్తగా వచ్చిన డ్రిల్లు సారు ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారు. ఊళ్ళో ఎవరికీ ఆ ఆట తెలియదు. బ్యాటు ఉంది కాబట్టి క్రికెట్ లాంటిదేదో అనుకునేవారు. నన్ను మైదానం చివర నిలబెట్టేవారు. అవతలి జట్టు పిల్ల కొట్టిన బంతి గాల్లోకి లేస్తే, నేల తాకకముందే ఎడమ చేతికి తొడుక్కున్న తోలు గ్లౌజుతో పట్టాలి. అదే నా పని. బాగానే పట్టేదాన్ని.

ఒక ఆదివారం కోట అనే ఊరి బడి పిల్లలతో మా ఊళ్ళోనే పోటీ పెట్టారు. నాయన కూడా చూడటానికి వచ్చాడు. ఇంకొక్క బంతి పట్టుకుంటే మేం గెలిచినట్టే. అది నా మీదికే వచ్చింది, గ్లౌజు అంచుకు తగిలి జారిపోయింది. నేను వెతికి విసిరేలోపు వాళ్ళు రెండు పరుగులు తీసి గెలిచారు. అందరూ ఉసూరుమని నిలబడ్డ ఆ క్షణంలో నాయన గొంతు ఒక్కటే మైదానమంతా వినిపించింది.

"కళ్ళు యాడ పెట్టుకోనుండావు మే! చేతిలోకి వచ్చిందాన్ని వదిలేస్తావా!"

కోట పిల్లలు నవ్వారు. బంతి జారినప్పుడు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

మర్నాటి నుంచి కడుపునొప్పి అని చెప్పి ఆటకు పోవడం మానేశాను. బడిలో ఇచ్చిన గ్లౌజు వంటింట్లో మేకుకు వేలాడుతూ ఉండేది. బుధవారం సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మేకు ఖాళీగా ఉంది. అమ్మను అడిగితే తెలియదంది. కానీ నా మొహం చూడకుండా పొయ్యిలో కట్టెలు సర్దుతూ అంది. నా అనుమానం అక్కడ మొదలైంది.

సాయంత్రం పూట వల బాగుచేసుకునే నాయన ఇప్పుడు ఆ పని వదిలి ఎటో పోతున్నాడు. యాడికి నాయనా అంటే ఊరికే అనేవాడు. పక్కింటి అక్క మాత్రం చెవిలో ఊదింది. "మీ నాయన బడికాడ మీ సారుతో మాట్లాడతా ఉండాడు మే. నేను చూసినా."

ఇంకేముంది, జట్టులోంచి నా పేరు తీయించేస్తున్నాడు! గ్లౌజు కూడా తిరిగి ఇచ్చేశాడు. నా అంతట నేను మానుకోవడం వేరు, నేను పనికిరానని కన్నతండ్రే పోయి చెప్పడం వేరు. సారు బడిలో ఎదురై, నొప్పి తగ్గిందా అని నవ్వితే ఆ నవ్వు వెనక ఏదో దాస్తున్నారనిపించేది. అన్నం తినేటప్పుడు నాయన ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు. అదీ అనుమానమే. చేప ముక్క తీసి నా కంచంలో వేస్తే, చెడ్డ కబురు చెప్పడానికి ముందు ముద్దు చేస్తున్నాడనుకున్నాను.

శనివారం నాయన వెంటే, కనపడకుండా నడిచాను. బడి ప్రహరీ గోడ వెనక సరుగుడు చెట్ల చాటున నిలబడి తొంగి చూశాను.

మైదానం చివర, సరిగ్గా నేను నిలబడే చోట, లుంగీ పైకి ఎగ్గట్టి, నా గ్లౌజు తొడుక్కుని నాయన నిలబడి ఉన్నాడు. ఆయన మోటు వేళ్ళు అందులో సగమే దూరాయి. సారు బంతి కొట్టారు. నాయన తల ఎత్తి ముందుకీ వెనక్కీ తడబడ్డాడు. బంతి వెనక ఎక్కడో పడింది. ఇంకోటి భుజానికి తగిలింది.

"చాల్లే అన్నా," అన్నారు సారు.

"ఇంకొకటి కొట్టండి సార్. ఎండ కళ్ళల్లో పడతా ఉంటే బంతే కనపళ్ళేదు. ఆ బిడ్డ ఎట్టా పడతా ఉందో దీన్ని! నేనేమో అంతమందిలో నోరు పారేసుకుంటి."

అప్పటికీ నా మనసు నమ్మలేదు. నన్ను చూసే ఆ మాటలు అంటున్నాడేమో అనుకున్నాను. ఈలోగా ఇంకో బంతి వచ్చింది. నాయన పట్టాడు. పట్టి, ఎవరూ చూడటం లేదన్న ధైర్యంతో పసిపిల్లాడిలా ఎగిరాడు. అప్పుడు నమ్మాను.

ఇంటికొచ్చాక గ్లౌజు నా ముందు పెట్టాడు. ఎడమ చేతి వేళ్ళు రెండు వాచి ఉన్నాయి.

"నాలుగు రోజులు సారుతో బంతులు కొట్టించుకున్నా పాపా. మూడే పట్టినా. పోతావో మానుకుంటావో నీ ఇష్టం. నేనైతే ఇంక అట్టా అరవను."

నేను గోడ చాటు నుంచి చూశానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

సోమవారం మళ్ళీ ఆటకు పోయాను. తర్వాతి పోటీలో రెండు బంతులు పట్టాను, ఒకటి వదిలేశాను. వదిలినప్పుడు అరుస్తాడేమోనని అటు చూశాను. నాయన తువాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆట అయ్యాక, ఆకలేస్తుందా అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు నా మనవరాలు నెల్లూరులో అదే ఆట ఆడుతోంది. చుట్టూ తల్లిదండ్రులు అరుస్తుంటారు. మొన్న అది తేలికైన బంతి వదిలేస్తే నేనూ లేచి నిలబడ్డాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మళ్ళీ కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క మాట మింగడం నాకు సులువు కాలేదు. నాయనకూ అయ్యుండదు.